ఇంటికి తగిన పెంకు

చీరకు తగిన రవిక నెంచుటయందు చూపు శ్రద్ధ ఇంటికి తగిన పెంకు నెంచుటయందు మనము చూపము. అది మగవారి పనియని యూరకుందుము. కాని కప్పు కారునపుడు గిన్నెలు పట్టుకొని తిరుగువారము మనమే గదా!

మన మండువా లోగిళ్లకు కుమ్మరి చేసిన గూనపెంకులే తగును. నాలుగు వాలులు మండువాలోనికి దిగి కలిసికొను మూలలందు ఆ చిన్నపెంకులు చక్కగా నొదుగును. వరుసపై వరుసగా పరచుటచే నడుమ గాలి నిలిచి, ఎండవేడిమి లోనికి దిగదు. అయితే పిల్లులును కోతులును కదల్చును గావున ఏటేట తొలకరికి ముందే సర్దింపవలెను.

మనము బెంగుళూరు పెంకులనునవి నిజమునకు మంగుళూరువి. 1865లో బాసెల్ మిషనువారు అచట వాని కార్ఖానాను స్థాపించిరి. ఒకదాని గాడిలో నొకటి యిముడుటచే ఇవి సులభముగా కదలవు. చదరపు మీటరునకు సుమారు 15 చాలును. మంచి వాలును, సమదూరమున కొట్టిన బద్దలును గల తిన్నని కప్పులకు ఇవి యందము. వాలు చాలని కప్పుపై పరచినచో గాలివాన నీటిని వెనుకకు నెట్టి లోనికి కార్చును.

కావున పాతయింటిని బాగుచేయించువారు పొరుగింటి కప్పును చూచి మోజుపడక, ముందుగా తమ కప్పు వాలును, వాసముల బలమును వడ్రంగిచే చూపింపవలెనని మా మనవి. మంగుళూరు పెంకులే పరపించినచో వంటింటిపై నొక గాజుపెంకు నడుగుడు. పొయ్యియొద్ద పట్టపగలు దీపము పెట్టు బాధ తప్పును. ఆ మాట మనము చెప్పనిది మరియెవరికి తోచును?