హైబ్రిడ్ మేలా, డీజిల్ మేలా? మైలేజీ పోల్చే ముందు చూసుకోవాల్సినవి

కొత్త కారు కొనాలనుకుంటున్న చాలా ఇళ్లలో ఇప్పుడు ఒకటే వాదన. పిల్లలు హైబ్రిడ్ అంటారు, పెద్దలు డీజిలే నయమంటారు. ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి, ఆ అంకెలు అబద్ధాలూ కావు. కానీ అవి వేర్వేరు రోడ్ల మీద, వేర్వేరు కార్లతో వచ్చినవి. లక్షల రూపాయల నిర్ణయం కాబట్టి, పోలిక సరిగ్గా ఉందో లేదో ముందు తేల్చుకోవాలి.

షోరూం చెప్పే అంకె

టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌కు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. 2024 హ్యుందాయ్ క్రెటా డీజిల్‌కు మాన్యువల్‌లో 21.8, ఆటోమేటిక్‌లో 19.1. ఈ హైబ్రిడ్‌లో మనం గేర్లు మార్చే పని లేదు కనుక దాన్ని డీజిల్ ఆటోమేటిక్‌తో పోల్చడమే న్యాయం. పైగా ఇవన్నీ ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, గరిష్ఠంగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో చేసిన పరీక్షల ఫలితాలు. ఎండాకాలం ఏసీ వేసుకుని ఐదుగురు కూర్చుని వెళ్తే ఏ కారూ ఆ అంకె అందుకోదు.

పేరు ఒకటైనంత మాత్రాన కార్లు ఒకటి కావు. ఇన్నోవా క్రిస్టా డీజిల్‌కు లారీల మాదిరి విడి ఛాసీ ఉంటుంది, ఇంజను శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. హైక్రాస్ హైబ్రిడ్‌కు ఆ ఛాసీ లేదు, శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. ఈ రెంటి మైలేజీలో కనిపించే తేడా మొత్తాన్నీ హైబ్రిడ్ ఖాతాలో వేయకూడదు. అలాగే ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని రాసి ఉన్న కార్లు చాలావరకు మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో మోటారు ఇంజనుకు సాయం చేస్తుందే తప్ప ఒంటరిగా కారును నడపదు.

లండన్ నుంచి జెనీవాకు

ఈ వాదన కొత్తది కాదు. 2008లో బ్రిటన్ పత్రిక సండే టైమ్స్, టొయోటా ప్రియస్ హైబ్రిడ్‌నూ బీఎండబ్ల్యూ 520డి డీజిల్‌నూ లండన్ నుంచి జెనీవా దాకా నడిపించింది. మన లెక్కలో ప్రియస్ లీటరుకు సుమారు 17, డీజిల్ కారు దాదాపు 17.8 కిలోమీటర్లు ఇచ్చాయి. పెద్ద డీజిల్ కారే గెలిచిందని అందరూ అన్నారు. కానీ ఆ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవేనే. హైబ్రిడ్ బలం బయటపడే చోటు అది కాదు.

ఇంకో సంగతి. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. ఆ లెక్కన 100 కిలోమీటర్లకు డీజిల్ కారు వదిలింది 15 కిలోలు, ప్రియస్ వదిలింది 13.6 కిలోలు. లీటర్లలో ఓడిన కారు పొగలో గెలిచింది!

ఊళ్లో ఒకటి, హైవే మీద ఒకటి

హైబ్రిడ్ కారు బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీలో దాచుకుంటుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు ఇంజను ఆపేసి మోటారుతో వెళ్తుంది. హోసూరు నుంచి రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి బెంగళూరు వెళ్లేవారికి ఇది నిజమైన లాభం. అదే సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కో, బరంపురం నుంచి విశాఖకో ఒకే వేగంతో సాగే ప్రయాణంలో బ్రేకు పని తక్కువ, దాచుకునేదీ తక్కువ. అక్కడ డీజిల్ దీటుగా నిలుస్తుంది. కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే ఇంటికి బీఎస్6 డీజిల్ సరిపడదు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే అప్పుడప్పుడు దూర ప్రయాణం ఉండాలి.

ఇంధనంలోనూ తేడా ఉంది. లీటరు డీజిల్‌లో పెట్రోలు కన్నా 10 శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. పైగా ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కనుక, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో లీటరుకు 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. పాత పెట్రోలుతో వచ్చిన మైలేజీని ఇప్పటి డీజిల్ మైలేజీ పక్కన పెట్టకూడదు.

మీరే కొలవండి

డ్యాష్‌బోర్డు చూపే అంకెను నమ్ముకోవద్దు. ట్యాంకు ఫుల్ చేయించి, కిలోమీటర్లు రాసుకుని, కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. హైరైడర్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లే. ఐదు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో అది నిండుగా మొదలై ఖాళీగా ముగిస్తే మైలేజీ గొప్పగా కనిపిస్తుంది. దూరం పెరిగితే ఆ తేడా కరిగిపోతుంది.

సగటు తీసేటప్పుడూ జాగ్రత్త. వంద కిలోమీటర్లు 25 చొప్పున, మరో వంద 15 చొప్పున వస్తే సగటు 20 కాదు. మొదటి వందకు 4 లీటర్లు, రెండో వందకు 6.67 లీటర్లు. మొత్తం 10.67 లీటర్లకు 200 కిలోమీటర్లు, అంటే 18.75.

చివరికి రూపాయలే

లెక్క కోసం పెట్రోలు 103, డీజిల్ 91 రూపాయలు అనుకుందాం. ఊళ్లో హైబ్రిడ్ 22, డీజిల్ ఆటోమేటిక్ 13 ఇస్తే కిలోమీటరుకు 4.68, 7 రూపాయలు పడుతుంది. హైబ్రిడ్‌కు 2.32 రూపాయలు మిగులు. హైవే మీద రెండూ 19 ఇస్తే 5.42, 4.79. అక్కడ డీజిల్‌కు 63 పైసలు మిగులు. హైబ్రిడ్ ధర లక్షన్నర ఎక్కువైతే, ఊళ్లో తిరిగే వారికి ఆ డబ్బు తిరిగి రావడానికి సుమారు 65 వేల కిలోమీటర్లు పడుతుంది. ఏడాదికి 10 వేలు తిరిగితే ఆరున్నరేళ్లు. ఎప్పుడూ హైవే మీదే తిరిగేవారికి ఆ డబ్బు తిరిగి రాదు.

ఇంధన ధర రాష్ట్రానికో తీరు. యానాంలో పన్ను తక్కువ కనుక పక్కనున్న ఆంధ్ర ఊళ్ల వాళ్లు అక్కడికొచ్చి పోయించుకుంటారు. అందుకే వేరే రాష్ట్రంలోని బంధువుల లెక్క మీ ఇంటికి సరిపోకపోవచ్చు. పోయిన ఏడాది మీరు ఊళ్లో ఎన్ని కిలోమీటర్లు, హైవే మీద ఎన్ని తిరిగారో ఒక కాగితం మీద వేసుకుని, మీ బంకు ధరతో లెక్క కట్టండి. షోరూంకు ఆ తర్వాతే వెళ్లండి.