పాత పటములలో నెల్లూరు తీరము: స్థానిక సంఘ చరిత్రకు ఒక ఆధారము

సంఘ చరిత్ర వ్రాయబూనిన కాపరి సాధారణముగా మొదట మినిట్సు పుస్తకమును, బాప్తిస్మపు రిజిస్టరును తెరుస్తాడు. అవి మనుష్యుల పేర్లు చెప్పును గాని, వారి పల్లె అప్పుడు ఎక్కడ ఉన్నదో, వారు ఏ దారిన నడిచిరో చెప్పవు. ఈ లోటును పాత పటములు, ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రములు కొంతవరకు తీర్చగలవు. నెల్లూరు తీరమును ఉదాహరణగా తీసుకొని వీటిని చదువు విధమును పరిశీలించుదము.

1. లభించు ఆధారములు

సర్వే ఆఫ్ ఇండియా వారు మైలుకు ఒక అంగుళము కొలతతో ముద్రించిన పాత టోపో షీట్లు మొదటివి. మన తీరములో అధిక భాగము 66 బి, 66 సి విభాగములలో వచ్చును. విమానముల నుండి తీసిన పాత చిత్రములు మన దేశములో సామాన్యులకు సులభముగా దొరకవు. అయితే 1960-1972 మధ్య అమెరికా వారి కరోనా గూఢచారి ఉపగ్రహములు తీసిన చిత్రములపై 1995లో రహస్యము తొలగింపబడినది. 1972 నుండి ల్యాండ్‌శాట్ చిత్రములు ఉన్నవి. వీటిని ఇంటర్నెట్‌లో వెదకవచ్చును.

2. పేర్లు, ఎల్లలు

1872లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు వేదాంత పాఠశాల ప్రారంభించిన రామాయపట్నం, మిషను పత్రములలో రామపట్నమని కనబడును. అది అప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఒంగోలు పట్టణము సయితము 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. 2022లో కూడ జిల్లాల ఎల్లలు మారినవి. కాబట్టి నేటి జిల్లా పేరుతో మాత్రమే వెదకువానికి పాత నివేదికలు చిక్కవు.

3. కదలని గుర్తులు

వేర్వేరు కాలముల పటములను పోల్చునప్పుడు నదీముఖమును, ఇసుక తిన్నెలను గుర్తుగా పెట్టుకొనరాదు, అవి కదలును. బకింగ్‌హాం కాలువ, చెరువు కట్ట, రైలు మార్గము వంటివి నమ్మదగినవి. షీటు ముద్రించిన సంవత్సరమును గాక, సర్వే జరిగిన సంవత్సరమును వ్రాసుకొనవలెను. ఈ రెంటి మధ్య చాలా ఏండ్లు ఉండవచ్చును.

4. పటము చెప్పనిది

శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రమునకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి రాకెట్ ఎగిరినది. అంతకు ముందు తరతరములుగా ఆ అడవిలో యానాదులు నివసించిరి. కేంద్రము కొరకు అనేక కుటుంబములు దీవి విడిచి రావలసి వచ్చినది. అడవిని, కాలువను, బాటను పటము చూపును. తాటాకు గుడిసెలో ఉన్నవాని పేరు చూపదు. అట్లే ఊరికి వెలుపలనున్న పల్లె కూడ ఒక్కొక్కప్పుడు పేరులేని చుక్కగానే మిగిలిపోవును. పటములో పేరు లేనందున అక్కడ మనుష్యులు లేరని వ్రాసినయెడల మనము అబద్ధసాక్ష్యము పలికినవారమగుదుము.

కావున పటమును పెద్దదిగా ప్రింటు తీయించి పల్లె పెద్దల ముందు పరచవలెను. మంచినీళ్ల బావి, సమాధుల దొడ్డి, పడవల రేవు, రొయ్యల గుంటలు రాకముందు పశువులు మేసిన బీడు ఎక్కడెక్కడ ఉండెనో వరుసగా అడిగి, వారి అనుమతితో, వారి మాటలలోనే తేదీ వేసి వ్రాసుకొనవలెను. 1970లో ఇరువది ఏండ్ల వయస్సు గలవారు ఇప్పుడు డెబ్బది అయిదు దాటినవారు. పటములు గ్రంథాలయములలో ఇంకను చాలా కాలము ఉండును. ఈ సాక్షులు ఉండరు. అందుచేత మన పరిశోధన వారి వాకిట మొదలు కావలెను.