ఫోలేట్‌ గుట్టు.. మందు పట్టు

గర్భిణులకు డాక్టర్లు రాసే మొదటి మందుల్లో ఫోలిక్‌ యాసిడ్‌ ఒకటి. ఆ చిన్న పసుపు మాత్ర వెనక మన గోదావరి బిడ్డ ఉన్నారని మీకు తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ జబ్బుతో సోదరులను పోగొట్టుకున్నారు. తానూ దాని బారిన పడి కోలుకున్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలోని బృందం 1945లో ఫోలిక్‌ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకూ అది మందైంది.

మనకు చేతకాని వంట

ఫోలేట్‌ అనే ఈ బి విటమిన్‌ లేకపోతే కొత్త కణాలు సరిగా పుట్టవు. మన శరీరం దీన్ని తయారుచేసుకోలేదు. తోటకూర, పాలకూర, పెసలు, శనగల వంటి వాటి నుంచి అందాల్సిందే. చాలా బ్యాక్టీరియాలు మాత్రం సొంతంగా వండుకుంటాయి. ఆ వంటలో కీలకమైన ఎంజైమ్‌ డీహెచ్‌పీఎస్‌. ఇది పాబా అనే ముడిసరుకును మరో పదార్థంతో కలుపుతుంది. సల్ఫా మందు పాబాను పోలి ఉంటుంది కాబట్టి దాని చోటును ఆక్రమించి, వంట ఆపేస్తుంది. మనలో ఈ ఎంజైమే లేదు. అందుకే దెబ్బ బ్యాక్టీరియా మీదే పడుతుంది.

స్ఫటికం చెప్పిన రహస్యం

పంచదార పాకం పటికబెల్లంగా గట్టిపడినట్టే, శుద్ధిచేసిన ఎంజైమ్‌నూ స్ఫటికాలుగా మార్చొచ్చు. వాటి మీదికి ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి లోపలి అమరికను లెక్కగడతారు. 2012లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చిన ఇలాంటి అధ్యయనం ఒక చిక్కుముడి విప్పింది. సల్ఫా మందులో కొంత భాగం పాబా కూర్చునే చోటును దాటి బయటికి వస్తుంది. సరిగ్గా అక్కడ ఎంజైమ్‌ మారితే మందు ఇమడదు. పాబాకు మాత్రం పెద్దగా అడ్డుండదు. అంటే బ్యాక్టీరియా వంట సాగుతూనే ఉంటుంది, మందే ఓడిపోతుంది!

మీ చేతిలో ఉన్నది

అనవసరంగా యాంటీబయాటిక్‌ వాడితే మామూలు బ్యాక్టీరియా చచ్చి, ఇలా మారినవి మిగిలి పెరుగుతాయి. కాబట్టి..

* పాత చీటీ చూపించి యాంటీబయాటిక్స్‌ కొనొద్దు. మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు. డాక్టర్‌ చెప్పినన్ని రోజులు వాడండి.
* కోట్రైమోక్సజోల్‌లో సల్ఫాతో పాటు ఫోలేట్‌ను అడ్డుకునే మరో మందూ ఉంటుంది. గర్భిణులైనా, సల్ఫా పడకపోయినా డాక్టర్‌కు ముందే చెప్పండి.
* పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మహిళలు గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌ తీసుకోవాలి. మోతాదు పెంచాలో లేదో డాక్టర్‌ చెబుతారు.
* ఆకుకూరలు ఉడికించిన నీళ్లు పారబోయకండి. ఫోలేట్‌ కొంత అందులోనే పోతుంది.