పట్టు బిగించాలా... బాట మార్చాలా?

కష్టం తక్కువేం కాదు, ఫలితం మాత్రం రావడంలేదు. ‘ఇది నీకు సరిపడదేమో’ అని అయినవాళ్లే అంటున్నారు. మనసు కూడా అప్పుడప్పుడూ వాళ్లవైపే మొగ్గుతోంది. ఇంకా సాగాలా, ఇక్కడితో ఆగాలా? ఈ ప్రశ్నకు ధైర్యవచనాలో భయపెట్టే మాటలో జవాబు కావు. తేల్చుకోవడానికి ఒక పద్ధతి కావాలి.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో నడిస్తే అడుగడుగునా కోచింగ్ బోర్డులు, జిరాక్స్ షాపులు, రీడింగ్‌రూములు కనిపిస్తాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చునేందుకు చోటు దొరకడమే గగనం. సివిల్స్, గ్రూప్స్ కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే అక్కడ ఎక్కువ. వాళ్లలో నిన్నమొన్న చేరినవాళ్లు ఉంటారు, ఐదారేళ్లుగా అదే గదిలో అద్దె కడుతున్నవాళ్లూ ఉంటారు. ‘ఇంకొక్క అటెంప్ట్’ అని ఇంట్లో ఒప్పించి వచ్చిన ఈ రెండోరకం వాళ్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వని అనుమానం ఒకటుంది: అసలు ఇది నావల్ల అవుతుందా?

సీఏ ఫైనల్ దగ్గర ఆగిపోయినవాళ్లదీ, ఏళ్లు గడిచినా అరంగేట్రం దాకా రాలేని నాట్య విద్యార్థిదీ, బ్యాక్‌లాగ్స్ మోస్తున్న ఇంజినీరింగ్ కుర్రాడిదీ ఇదే బాధ. చాలామంది ఒంటరిగా మోస్తున్న ఈ బరువును కాస్త విడదీసి చూద్దాం.

ఓటమి చెప్పేదెంత?

ముందుగా ఒక లెక్క. 2023 సివిల్స్‌కు 10,16,850 మంది దరఖాస్తు చేసుకున్నారు. ప్రిలిమ్స్ రాసింది 5,92,141 మంది. మెయిన్స్‌కు 14,624 మంది, ఇంటర్వ్యూకు 2,855 మంది అర్హత సాధించారు. చివరికి ఎంపికైనవాళ్లు 1,016 మంది. అంటే ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాళ్లలోనే 1,839 మందికి చోటు దక్కలేదు. దేశంలో లక్షలమందిని దాటి అంతవరకూ వచ్చినవాళ్లను ‘పనికిరారు’ అని ఎవరైనా అనగలరా?

జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారు. అది ఆయన ఐదో ప్రయత్నం. 2,025 మార్కులకు ఆయనకు వచ్చినవి 1,126. యాభై ఆరు శాతం కూడా కాదు! అగ్రస్థానంలో నిలిచినవారి మార్కులే అలా ఉన్న పరీక్షలో కాస్త వెనకబడినవాళ్లంతా అసమర్థులనుకోవడం అన్యాయం.

ఒక్కోసారి పరీక్షే నిలబడదు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌ను ఉపసంహరించి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ మధ్యలో కరిగిపోయిన కాలాన్ని అభ్యర్థుల అసమర్థత ఖాతాలో రాయడానికి వీల్లేదు.

కాబట్టి ఫలితం ఒక్కటే చూసి ‘నాకిది రాదు’ అన్న నిర్ణయానికి రాకూడదు. ‘ఈసారి కొట్టేస్తా’ అన్న నమ్మకానికీ అదే వర్తిస్తుంది.

లోటు ఎక్కడుంది?

మైసూరులో పుట్టిన క్రికెటర్ భగవత్ చంద్రశేఖర్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడిచెయ్యి సన్నబడిపోయింది. ఫీల్డింగ్‌లో బంతిని ఎడమచేత్తో విసిరేవారు. బౌలింగ్ మాత్రం ఆ కుడిచేత్తోనే! 1971లో ఓవల్ మైదానంలో 38 పరుగులకు ఆరు వికెట్లు తీసి, ఇంగ్లండ్ గడ్డమీద భారత్‌కు తొలి టెస్టు విజయం అందించారు. మొత్తం 58 టెస్టుల్లో 242 వికెట్లు పడగొట్టారు. అదే చంద్రశేఖర్ బ్యాటుతో చేసిన పరుగులు 167 మాత్రమే. తీసిన వికెట్లకన్నా చేసిన పరుగులు తక్కువ.

ఆయన కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. నిజమే కానీ అందులో అంతకన్నా ఉపయోగపడే సంగతి ఇంకొకటుంది. ఆట మొత్తానికీ ఆ చెయ్యి అడ్డుపడలేదు. కొన్ని పనులకు పడింది, ఒక పనికి పడలేదు. ఆయన నిలిచింది ఆ ఒక్క పనిలో.

ఏ రంగమైనా ఒకే పని కాదు, పది పనుల కలయిక. విషయం తెలిసీ జవాబు సూటిగా రాయలేక మార్కులు పోగొట్టుకునేవారి లోటు రాతలో ఉంది. దాన్ని సాధనతో సరిదిద్దుకోవచ్చు. పేపరు చదవడం, విధానాల గురించి ఆలోచించడమే భారంగా ఉన్నవారి లోటు మూలంలోనే ఉంది. మొదటివారికి మంచి గురువు కావాలి. రెండోవారికి వేరే దారి కావాలి. ఇద్దరికీ ‘కష్టపడు’ అని ఒకే మాట చెప్పడం వల్లే జీవితాలు నలిగిపోతున్నాయి.

హోదా మీద ప్రేమా, పని మీదా?

కలెక్టర్ కావాలనుకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. కలెక్టర్ చేసే పని చేయాలనుకునేవాళ్లు అందరూ కారు. సోమవారం వస్తే ప్రజావాణిలో వరసకట్టే అర్జీలు, భూతగాదాలు, సమీక్షలు, గుట్టలుగా ఫైళ్లు. ఆ ఉద్యోగమంటే ప్రధానంగా ఇదే. వీటిని ఊహించుకున్నా ఉత్సాహం తగ్గనివాళ్లకు సన్నద్ధత కూడా ఆ పనిలో భాగంగానే అనిపిస్తుంది. కారు, బంగళా, ఊళ్లో గౌరవం మాత్రమే కళ్లముందు ఉన్నవాళ్లకు ప్రతి పుస్తకమూ అడ్డుగోడే.

నాట్యమైనా, వ్యాపారమైనా అంతే. చప్పట్లు లేని సాధననూ, గిరాకీ లేని మధ్యాహ్నాన్నీ ఇష్టంగా గడపగలిగేవారికి సాగేందుకు బలమైన కారణం ఉన్నట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ పనిలో తేడా కనిపిస్తుంటే ఆ కారణం మరింత గట్టిది.

పెట్టింది పోతుందని...

‘ఇన్నేళ్లు చదివి ఇప్పుడు మానేస్తే ఎలా?’ మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. దీని వెనకున్న మనస్తత్వాన్ని హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో వెల్లడించారు. అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది లాటరీ పద్ధతిలోనే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర చెల్లించినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే. వాళ్లను లాక్కెళ్లింది పెట్టిన డబ్బు.

గడిచిన ఏళ్లు ఆ టికెట్ డబ్బులాంటివి. సాగినా ఆగినా తిరిగి రావు. తేల్చుకోవాల్సింది రాబోయే ఏడాదిని దేనికి ఇవ్వాలన్నదే.

ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ షికాగో యూనివర్సిటీలో ఉన్నప్పుడు చేసిన అధ్యయనమూ ఆలోచింపజేస్తుంది. ఉద్యోగం మానాలా వద్దా వంటి విషయాలు తేల్చుకోలేనివాళ్లతో ఆయన నాణెం ఎగరేయించారు. బొమ్మ పడితే మార్పు, బొరుసు పడితే యథాతథం. ఇరవై వేలకు పైగా నాణేలు ఎగిరాయి. పెద్ద నిర్ణయాల విషయంలో, మార్పువైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. అంటే ఎటూ తేలని స్థితిలో ఉన్నప్పుడు మనం ఉన్నచోటనే అవసరానికి మించి ఉండిపోతున్నాం.

ఒకటి వదిలి, ఒకటి పట్టి

పుల్లెల గోపీచంద్, ఆయన అన్నయ్య ఇద్దరూ బ్యాడ్మింటన్ ఆడేవారు. అన్నయ్య ఐఐటీలో సీటు సాధించి ఆట మానేశారు. తాను ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలో తప్పి ఆటలో మిగిలిపోయానని గోపీచంద్ సభల్లో చెబుతుంటారు. మోకాలికి దెబ్బ తగిలి, శస్త్రచికిత్సలు జరిగినా రాకెట్ వదల్లేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. చదువు దగ్గర ఆగడం, ఆట దగ్గర ఆగకపోవడం రెండూ ఒకే జీవితంలో ఉన్నాయి.

సైనా, సింధులను ఒలింపిక్ పతకాల దాకా నడిపించిన ఆ గురువే, డబ్బున్న కుటుంబమైతే తప్ప ఆటనే నమ్ముకోవద్దని 2025లో బహిరంగంగా అన్నారు. అది నిరాశ కాదు, బాధ్యత. గెలిచినవాళ్ల వెనక కనిపించకుండా పోయినవాళ్లెందరో ఆయనకు తెలుసు. పట్టుదలకు ఒక ఖర్చుంటుంది, దాన్ని ఎవరు భరిస్తున్నారో చూసుకోవాలి. అనుదీప్ తొలి ర్యాంకు తెచ్చుకునేనాటికే 2013 సివిల్స్ ద్వారా ఐఆర్‌ఎస్ ఉద్యోగంలో ఉన్నారు. జీతం వస్తుండగా చేసే ప్రయత్నం, అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి చేసే ప్రయత్నం ఒకటి కావు.

తేల్చుకునే ముందు...

• గత ఏడాదికీ ఈ ఏడాదికీ ఏ ఒక్క అంశంలోనైనా స్పష్టమైన మెరుగుదల ఉందా? మార్కులో, గురువు మాటో, ఏదో ఒక ఆధారం ఉండాలి.

• నా లోటు సాధనతో తీరేదా, పని మూలానికే సంబంధించిందా? ఇది మనల్ని ప్రేమించేవాళ్లను కాదు, ఆ పని తెలిసినవాళ్లను అడగాలి.

• ఇవాళే కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే ఇదే ఎంచుకుంటానా?

• ఈ ప్రయత్నానికి డబ్బు, ఆరోగ్యం, వయసు రూపంలో ఎవరెవరు మూల్యం చెల్లిస్తున్నారు?

• ఎప్పుడు ఆపాలో ముందే రాసుకున్నానా? జనరల్ అభ్యర్థికి సివిల్స్‌లో ఆరు ప్రయత్నాలని యూపీఎస్సీ గీత గీసింది. మనకు మనం గీసుకునే గీత అంతకన్నా ముందే ఉండొచ్చు. దాన్ని ఫలితాలొచ్చిన రోజు ఆవేశంలో కాకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి.

ఈ ప్రశ్నలకు నిజాయతీగా జవాబులు రాసుకున్నాక సాగాలనిపిస్తే లోకం ఏమన్నా సాగండి. ఆగాలనిపిస్తే తల ఎత్తుకునే ఆగండి. చదివిన రాజ్యాంగం, నేర్చుకున్న తాళం, దుకాణంలో అలవడిన లెక్క ఎక్కడికీ పోవు. తర్వాతి పనిలోకి మీతోనే వస్తాయి.

అమ్మానాన్నలకు ఒక్క మనవి. పిల్లలు ఇల్లు వదిలి చదువుకోవడానికి వెళ్లేటప్పుడు ‘సాధించుకుని రా’ అంటాం. దాంతోపాటు, ‘కుదరకపోతే చెప్పు, ఇంకోటి చూద్దాం’ అని కూడా అనండి. వెనక్కి వచ్చే దారి ఉందన్న నమ్మకం ఉన్నవాళ్లే భయం లేకుండా ప్రయత్నిస్తారు, ఆగాల్సిన రోజున ఆలస్యం చేయకుండా ఆగుతారు.