సగానికి పైగా నూనె నేలలోనే!

2024 జనవరి 7న కాకినాడకు ఆవల లోతు సముద్రంలో, ఓఎన్‌జీసీ వారి 98/2 బ్లాకులో తొలి చమురు పైకొచ్చింది. ఆ వార్త చదివి కోటవురట్ల పాఠకుడొకరు అడిగారు: ‘‘మా దగ్గర ఎండిన బోరు వానలు పడితే మళ్లీ ఊరుతుంది. చమురు బావి ఎండితే అడుగున ఏమీ లేనట్టేనా?’’ ఉంటుందండీ, చాలాచోట్ల సగానికి పైగా ఉంటుంది!

చమురు భూమి కింద మడుగు కట్టి ఉండదు; ఇసుకరాతి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. కిలోమీటరు లోతుకే ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు 100 రెట్లు. అంత ఒత్తిడిలో సహజవాయువు చమురులో కరిగిపోయి ఉంటుంది. కథంతా ఆ వాయువుదే.

బావి తెరవగానే ఒత్తిడి తగ్గడం మొదలవుతుంది. ముందు చమురే కాస్త వ్యాకోచిస్తుంది. దానివల్ల వచ్చేది కొద్దిపాటే. ఒత్తిడి ఒక హద్దు కంటే దిగిందా, గోళీసోడా కొట్టినట్టే, కరిగిన వాయువు బుడగలై విడిపోతుంది. సన్నని సందుల్లో ఆ బుడగలు ఉబ్బి, చమురును బావి వైపు నెడతాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటు! చిక్కల్లా తర్వాతే. బుడగలు పెరిగి ఒకదానితో ఒకటి కలిస్తే వాయువుకు సొంత దారి ఏర్పడుతుంది. చమురు కంటే ఎన్నో రెట్లు పలచన కనుక అదే ముందు పరుగెడుతుంది. నెట్టాల్సిన వాయువు వెళ్లిపోయాక మిగిలిన చమురు చిక్కబడి కదలనని మొరాయిస్తుంది. ఇలా దక్కేది సాధారణంగా నూటికి 5 నుంచి 30 పాళ్లే. కింది నుంచి నీరు తోసుకొచ్చే క్షేత్రాలు నయం.

ఈ సంగతి తెలియక చేతులు కాల్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ బావి రోజుకు లక్ష పీపాల దాకా ఎగజిమ్మింది. దాని చుట్టూ వందల బావులు దించారు. మూడేళ్లు తిరిగేసరికి ఉత్పత్తి కుప్పకూలింది. అప్పటికి ఇరవయ్యేళ్ల ముందే, 1880లో, బావిలోకి దిగిన నీరు చమురును పక్క బావికి తోయగలదని పెన్సిల్వేనియా భూగర్భ శాస్త్రవేత్త జాన్ కార్ల్ రాశాడు. ఎవరు వింటారు? చట్టం నీటిని రానివ్వొద్దంది. అక్కడి బ్రాడ్‌ఫర్డ్ చమురువాళ్లు దొంగచాటుగా నీరు వదిలి లాభపడ్డారు. 1921లో గానీ దానికి అనుమతి రాలేదు.

మన కోనసీమ తీరంలో, ఎస్.యానం ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రం సంగతి చూడండి. 1993 నుంచి అక్కడ ఉత్పత్తి సాగుతోంది. చమురు శుద్ధి సామర్థ్యం రోజుకు 70,000 పీపాలు; నేలలోకి నీరు ఎక్కించే సామర్థ్యం 1,10,000! ఒత్తిడి నిలబెట్టడానికి అంత నీరు కావాలి.

మన ప్రకటనల్లో రోజుకెన్ని పీపాలో చెబుతారు, అడుగున ఒత్తిడి ఎంతుందో చెప్పరు. క్షేత్రం ఆయుష్షు తెలిసేది మాత్రం ఆ రెండో అంకెతోనే.