అక్కకు సెలవులు.. తమ్ముడికి తెలుగు బడి

డిసెంబరు నెలాఖరుకు తమిళనాట అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోతాయి. క్రిస్మస్ మొదలు కొత్త సంవత్సరం దాకా బడులు మూసే ఉంటాయి. ఒడిశాలోనూ ఇంచుమించు ఆ రోజుల్లోనే సెలవులు. కర్ణాటకలో పెద్ద సెలవులు దసరాకు, మహారాష్ట్రలో దీపావళికి అయిపోతాయి కనుక చలికాలంలో దొరికేవి కొద్ది రోజులే. యానాంలో అసలు సందడంతా సంక్రాంతికి. ఎక్కడ ఎన్ని రోజులు దొరికినా, బడికి వెళ్లే పిల్లతో పాటు ఇంట్లో రెండేళ్ల పసివాడు కూడా ఉంటే ఆ సెలవుల లెక్క వేరు. ఒకరు ఆటకు బయటికి పోదామంటారు, ఒకరు ఎత్తుకోమంటారు. మధ్యాహ్నానికే అమ్మానాన్నలకు ఓపిక అయిపోతుంది. అప్పుడు చేతికి అందేది ఫోనే.

కృష్ణగిరి జిల్లా హోసూరులో ఉండే మా ఇంటి పరిస్థితి కూడా ఇదే. పెద్దపాప నాలుగో తరగతి. చిన్నవాడికి ఈమధ్యే రెండేళ్లు నిండాయి. ఇద్దరినీ పక్కపక్కన చూస్తుంటే మాకు ఒక తేడా తెలిసింది. పాపకు మూడేళ్లు వచ్చేదాకా ఇంట్లో వినిపించింది తెలుగు ఒక్కటే. చిన్నవాడు పుట్టేనాటికి మాత్రం అక్క బడికి పోతోంది. రోజూ సాయంత్రం ఆమె సంచితో పాటు తమిళం, ఇంగ్లీషు కూడా ఇంట్లోకి వస్తున్నాయి. పసివాడికి అమ్మ మాటకన్నా అక్క మాట ముద్దు. అందుకే వాడు ‘నీళ్లు వేణుం’ అంటాడు. బెంగళూరు ఇళ్లలో ఇలాంటి పిల్లలే ‘పాలు బేకు’ అంటారు. బరంపురంలో నీళ్లకు బదులు ‘పాణి’ అని చెయ్యి చాపుతారు.

ఇందులో కంగారు పడాల్సింది లేదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు మాటలు కలిపి మాట్లాడటం మామూలే. అది అయోమయమూ కాదు, మాటలు ఆలస్యం కావడానికి కారణమూ కాదు. తమిళమో కన్నడమో వాడికి రావాలి కూడా. పక్కింటి పిల్లలతో ఆడుకోవాలన్నా, అంగట్లో అడగాలన్నా అదే భాష. వాడు వద్దన్నా వీధి దాన్ని నేర్పుతుంది. తెలుగు నేర్పే వీధి మాత్రం మనకు లేదు. అది ఇంట్లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టే. మొదటి బిడ్డకు దొరికినంత తెలుగు రెండో బిడ్డకు దొరకకపోతే, ఒకే ఇంట్లో ఏడేళ్ల తేడాలో భాష సగమవుతుంది.

హక్కు ఉంటే చాలదు

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ చెబుతోంది. 1956లో ఏడో సవరణతో ఇది చేరింది. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. దీని మీద పెద్దల వినతులు, కోర్టు వాదనలు నడిచాయి. అవి నడవాల్సినవే. కానీ ఒకటో తరగతిలో చేరే పిల్లవాడి నోట్లో తెలుగు ఉందా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చదు. అది అంతకు మూడు నాలుగేళ్ల ముందు, ఇంట్లో తేలిపోతుంది. ‘వీడికి తెలుగు సరిగా రాదు కదా, ఇంకో బడిలో వేద్దాం’ అని ఒక్కో ఇంట్లో అనుకుంటూ పోతే, హక్కు కాగితం మీద ఉంటుంది, బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి.

పెద్దపిల్ల రోజంతా ఇంట్లో ఉండే ఈ కొద్ది రోజులనూ మేము ఆ దృష్టితోనే చూస్తున్నాం. ఇందుకు పలకా బలపం అక్కర్లేదు. రోజూ చేసే పనులే చాలు.

లాల పోసే వేళ

డిసెంబరు, జనవరిలో మా ఊళ్లో పొద్దున మంచు గట్టిగానే ఉంటుంది. ఎండ వచ్చాకే పసివాడికి నీళ్లు పోస్తాం. ముందు ఒంటికి నువ్వుల నూనె రాస్తూ మాటలు మొదలుపెడతాం. ‘మోచెయ్యి ఏదీ? మడమ ఏదీ? ఇది బొటనవేలు, ఇది చిటికెన వేలు’ అంటూ అక్క అడుగుతుంది, వాడు చూపిస్తాడు. వారం తిరిగేసరికి అడగకముందే చూపిస్తాడు. కాగిన నీళ్ల గిన్నె మాత్రం వాడి చేతికి అందేచోట ఉండకూడదు. తొరిపేటప్పుడు ముందు చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే వేడినీళ్లు కలపాలి.

పసిపిల్లలకు పేర్లకన్నా పనుల మాటలు ఎక్కువ కావాలి. తియ్యి, పెట్టు, తుడువు, పట్టుకో, వదులు, దొర్లించు, దాచిపెట్టు. వీటిని పాఠంలా చెబితే రావు. పని జరుగుతుండగా చెవిన పడాలి. అదీ మన ఇంటి తెలుగులోనే పడాలి. మా పల్లెల్లో అవ్వ అంటే అవ్వే, సంగటి అంటే సంగటే. గోదావరి ఒడ్డున యానాంలో మామ్మ అంటే మామ్మే. పుస్తకాల భాష బడిలో ఎలాగూ వస్తుంది. యాసను చూసి సిగ్గుపడితే పసివాడికి మిగిలేది మౌనం.

అనపకాయల గంప ముందు

ఈ కాలంలో మా వైపు సంతల నిండా అనపకాయలే. గింజలు ఒలిచి, నానబెట్టి, పైతోలు ఊడేలా పితికి పప్పు తీయడం గంటల పని. ఇంటిల్లిపాదీ కూర్చుంటే మాటలూ అన్ని గంటలు సాగుతాయి. పెద్దపాప ఒలుస్తుంది. పసివాడు కాయలను ఈ గంపలోంచి ఆ గంపలోకి మారుస్తాడు. ఒకటి, రెండు, మూడు అని అక్క లెక్కపెడితే, మూడు తర్వాత వాడు తనకు నచ్చిన అంకె చెబుతాడు. అవ్వ తన చిన్నప్పటి సంగతులు చెబుతుంటే పెద్దపాప ప్రశ్నలు వేస్తుంది. తనతో మాట్లాడకపోయినా పసివాడు వింటూనే ఉంటాడు.

ఒక జాగ్రత్త. ఈ వయసు పిల్లలు గింజను నోట్లోనో ముక్కులోనో పెట్టుకోకుండా ఉండరు. ఒలిచిన గింజలు పెద్దల దగ్గరే ఉండాలి, కాయలు మాత్రమే వాడి ముందు. వేరుశనగ గింజలకూ ఇదే మాట.

ఫోనుకు బదులు చెప్పడం రాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకు తెర చూపించకూడదు. రెండేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. ఆ వయసులో పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర, కనీసం మూడు గంటల ఆటపాట ఉండాలని కూడా చెప్పింది. ‘తెలుగు పాటలే కదా పెడుతున్నాం’ అని చాలామంది అంటారు. పాట తెలుగుదే అయినా, పసివాడు ‘అదేంటి?’ అని అడిగితే తెర బదులు చెప్పదు. అడగడం, బదులు వినడం, మళ్లీ అడగడం.. భాష వచ్చేది ఈ దారినే. ఊళ్లో ఉన్న తాతతో వీడియోలో మాట్లాడించడం వేరు. అక్కడ తాత బదులు చెబుతాడు.

మధ్యాహ్నం విసిగించే వేళ ఉప్పుమూట, దాగుడుమూతలు, గుజ్జనగూళ్లు చాలు. గిన్నె, గరిటె, గుప్పెడు మరమరాలు ఇస్తే మా వాడు అరగంట వంట చేసి అందరికీ బువ్వ పెడతాడు.

అక్కే అయ్యవారు

పెద్దపాపను ‘తెలుగులో మాట్లాడు’ అని గద్దిస్తే పని జరగదు. ‘తమ్ముడికి కథ చదివి వినిపిస్తావా?’ అంటే జరుగుతుంది. బొమ్మలున్న చిన్న పుస్తకం తీసుకుని ఆమె చదువుతుంది, వాడు పేజీలు తిప్పుతాడు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఇలాంటి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అచ్చువేసి చేతికిస్తే తెర గొడవ ఉండదు. చదవడంలో తడబడే పిల్లకు ఇంతకన్నా మంచి శ్రోత దొరకడు. తప్పు చదివినా నవ్వడు, అదే కథ పదిసార్లు చదవమంటాడు. పదోసారికి ఆమె చదువు సాఫీ అవుతుంది.

అయితే ఇవి ఆమెకూ సెలవులే. తమ్ముణ్ణి కనిపెట్టుకోవడం ఆమె ఉద్యోగం కాకూడదు. పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట చాలు. మిగతా పొద్దంతా ఆమెది, ఆమె స్నేహితులది. వాళ్లతో తమిళంలో ఆడుకుంటే ఆడుకోనిద్దాం.

భోగిపళ్ల వేళ

జనవరిలో సంక్రాంతి వస్తుంది. భోగినాడు పిల్లలకు భోగిపళ్లు పోసే ఇళ్లలో రేగుపళ్లు, చెరకు ముక్కలు, చామంతి రేకులు, చిల్లర నాణేలు పసివాడి నెత్తిన జలజలా రాలుతాయి. ఒక్కోదాని పేరు, రంగు, రుచి వాడికి చెప్పడానికి ఇంతకన్నా మంచి రోజు ఉండదు. పేరంటానికి పక్కింటి తమిళ పిల్లలనూ పిలిస్తే వాళ్లకూ నాలుగు తెలుగు మాటలు తెలుస్తాయి. పోయడం అయిన వెంటనే నాణేలు, రేగుపళ్లు ఏరేయాలి. నాణెమో, రేగు గింజో గొంతులో అడ్డం పడితే ప్రమాదం. భోగిమంట దగ్గర పసివాడు ఎవరో ఒకరి చంకలోనే ఉండాలి.

అయ్యవార్లకు ఒక మాట

సెలవుల్లో పాఠాన్ని పదిసార్లు రాసుకురమ్మనే బదులు ఇలాంటి పని ఒకటి ఇవ్వవచ్చు. ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న చిన్నపిల్లకు ఒక తెలుగు కథ చెప్పాలి. ఆ పిల్ల నోట కొత్తగా వచ్చిన అయిదు మాటలు రాసుకురావాలి. తెరిచిన రోజు తరగతిలో అందరూ చదివి వినిపించాలి. పెద్దపిల్లలకు అది రాత పని. బడికి మాత్రం, మరో రెండు మూడేళ్లలో తన గడప తొక్కబోయే పిల్లలతో తొలి పరిచయం.

సెలవులు అయిపోయాక ఇంత తీరిక ఉండదు. అయినా ఒక్క పూట మిగుల్చుకోవచ్చు. రాత్రి బువ్వ తినే వేళ ఫోన్లు పక్కన పెట్టి, ఆ రోజు జరిగింది పెద్దపిల్లను తెలుగులో చెప్పమనాలి. పసివాడి పీటను ఆమె పక్కనే వేయాలి.