గట్టు మీద సుబాబుల్: కోత తప్పితే మన మాట వినదు

వీడియోలో నా చేతిలో కనిపిస్తున్నది సుబాబుల్ మొలక. జానెడే ఉంది కానీ వేరు చూడండి, ఎంత లోతుకు దిగిందో! ఇలాంటివి మూడు వానాకాలాలుగా పక్క చేలో పీకుతున్నాను. తప్పు నాదే, అందుకే చెబుతున్నాను.

5 ఏళ్ల కిందట గేదెల మేతకీ, ఆచ్ఛాదనకీ అని గట్టు పొడవునా సుబాబుల్ వేశాను. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఆకు ఇస్తుంది. వేరు బుడిపెల్లో నత్రజని నిలుపుతుంది. రెండేళ్లు నడుము ఎత్తులో కోస్తూ వచ్చాను, ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు మా అమ్మ ఆసుపత్రిలో ఉండి, నాలుగు నెలలు చేను మొహం చూడలేదు. వచ్చేసరికి చెట్లు ఇంటెత్తు పెరిగి, కాయలు ఎండి పగిలి ఉన్నాయి. వానకు గింజలు పక్క చేలోకి కొట్టుకుపోయి, మినుముతో పాటే మొలిచాయి.

"అన్నా, నీ గట్టు పచ్చగుంది, నా చేను అడివయింది" అన్నాడు పక్క రైతు. నాకు నోట మాట రాలేదు.

మెక్సికో వైపు నుంచి వచ్చిన ఈ చెట్టు, ప్రపంచంలో అతి చెడ్డగా వ్యాపించే 100 చొరబాటు జాతుల జాబితాలో ఉంది. గింజ తొక్క గట్టిది. నేలలో ఏళ్ల పాటు బతికుండి, తడి తగిలినప్పుడల్లా కొన్ని కొన్ని మొలుస్తాయి. ఒక్కసారి పీకి వదిలేస్తే సరిపోదు.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి ఇవీ:

1. పూత కనపడగానే కోత. కాయ ఎండే దాకా ఆగకూడదు.
2. మొలకను వాన పడిన మర్నాడే వేరుతో పీకాలి. నరికితే మోడు నుంచి పిలకలేస్తుంది.
3. ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. అందుకే పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వను.
4. నీళ్లు పారే వైపు సుబాబుల్ వద్దు. అక్కడ చెట్లు వేళ్లతో తవ్వించి, తొలకరిలో గిరిపుష్పం కొమ్మలు నాటాను. బొటనవేలు లావు, మూడడుగుల కొమ్మ, అడుగు లోతు. దానికీ కోత తప్పదు, కాయ పేలితే గింజ దూరం ఎగురుతుంది.

ఇప్పుడు కోసిన ప్రతిసారీ ఒక మోపు పక్క రైతు గేదెలకు పోతోంది. మళ్లీ మాటలు కలిశాయి.

మీరు ఊరెళ్తే మీ గట్టు కోసే మనిషి ఉన్నాడా? లేకపోతే సుబాబుల్ జోలికి వెళ్లకండి.